ఎడమ నుంచి నాలుగోది

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో పాప చదువు, నా బీపీ, ఇక్కడి చలి అన్నీ అడగడం అయ్యాక, ఫోన్ అమ్మ చేతికిచ్చే ముందు నాన్న ఎప్పటిలాగే అడిగాడు. "ఆ ఊరు గానీ వెళ్లారేంట్రా ఈమధ్య? ఆ ఇంటికి రంగేశారా?"

ఆ ఊరంటే కేప్ మే. ఆ ఇల్లంటే అక్కడ ఎవరిదో ఒక చెక్క ఇల్లు, ఇంటాయన పేరు కూడా మాకెవరికీ తెలియదు. నాన్న ఆ ఊళ్లో ఉన్నది రెండంటే రెండు రోజులు, అదీ 2009 ఆగస్టులో. మేం ఎడిసన్‌లో ముప్పై ఏళ్ల లోనుతో కొనుక్కున్న ఇంటి గురించి ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు గానీ, ఆ ఇంటి రంగు గురించి మాత్రం ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

న్యూజెర్సీలో కొన్నాళ్లున్న మనవాళ్లకి కేప్ మే గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఎక్కి దక్షిణానికి పోతూ ఉంటే ఎగ్జిట్ నంబర్లు తగ్గుతూ తగ్గుతూ వచ్చి సున్నా దగ్గర రోడ్డే అయిపోతుంది, అక్కడుంటుంది ఊరు. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క డెలావేర్ నది సముద్రంలో కలిసే పెద్ద అఖాతం. 1620ల్లో ఇటు వచ్చిన మే అనే డచ్చి కెప్టెన్ పేరు ఈ కొసకి పెట్టారు. నేను మొదటిసారి చూసింది 2003లో. అయిదుగురు బ్రహ్మచారులం, ఒక పాత కరోలా, మా గురంతా పక్కనున్న వైల్డ్‌వుడ్ మీద, అక్కడి రంగులరాట్నాల మీద. దారి తప్పి కేప్ మేలోకి దిగాం. రంగురంగుల చెక్క ఇళ్లు, గుర్రబ్బళ్లు, వరండాల్లో ఊగుడు కుర్చీలు, వాటిలో పేపరు చదువుకుంటూ పెద్దవాళ్లు. మాలో ఒకడు "బామ్మల ఊర్రా ఇది, పదండి పదండి" అన్నాడు. అరగంట కూడా ఉండలేదు.

2009లో అమ్మా నాన్నా మొదటిసారి వచ్చారు. ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. మా నాన్న వడ్రంగి. తాతా వడ్రంగే. కోనసీమలో, అమలాపురం దగ్గర మా ఊరు. ద్వారబంధాలు, తలుపులు, మంచాలు, పడవల మరమ్మతు, పెంకుటిళ్ల పైకప్పులు, అన్నీ చేసేవాడు. చెవి మీద పెన్సిలు లేకుండా నేను ఆయన్ని చూసింది నా పెళ్లిలోనే, అది కూడా అమ్మ తీసి దాచేసింది కాబట్టి.

అలాంటి మనిషికి అమెరికా నచ్చలేదు. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ గోడని వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చూసి "అట్టపెట్టెరా ఇది" అన్నాడు. నయాగరా తీసుకెళ్తే, వరదలో ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడి గోదావరిని చూసిన మనిషి కదా, "బాగానే ఉంది" అని ఊరుకున్నాడు. న్యూయార్క్‌లో మెడ నొప్పన్నాడు. ఇంకా మూడు నెలలుంది రిటర్న్ టికెట్టుకి, మా ఆవిడే "సముద్రం చూపిద్దాం, మావయ్యగారికి కాస్త గాలి మారుతుంది" అని కేప్ మే పెట్టింది. పాత విక్టోరియన్ ఇంట్లో బస చేద్దామని తనకి సరదా. అలాంటివి చాలా ఉన్నాయి, పొద్దున్న టిఫిను కూడా వాళ్లే పెడతారు. ఫోన్ చేసిన మూడు చోట్లా చిన్నపిల్లలుంటే కుదరదన్నారు. మా పాపకి అప్పుడు నాలుగేళ్లు. చివరికి సముద్రం ఎదురుగా మామూలు మోటెల్ దొరికింది. గురువారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సర్దుకుని బయల్దేరాం. టోల్ గేటు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బుట్టలోకి చిల్లర విసిరే పని పాప తీసుకుంది. సగం రోడ్డు మీద పడింది.

బీచిలోకి పోవడానికి టికెట్టు కొనాలంటే అమ్మ నమ్మలేదు. వేసవిలో అక్కడ బీచ్ ట్యాగులని అమ్ముతారు, బట్టలకి పిన్నుతో తగిలించుకోవాలి. "సముద్రానికి టికెట్టేంట్రా, మనూళ్లో చూడమని బతిమాలినా ఎవరూ చూడరు" అని అమ్మ ఆ రెండ్రోజులూ ఆ ట్యాగుని పట్టుచీర కొంగుకి పెట్టుకునే తిరిగింది.

సరే, అసలు సంగతికి వస్తాను. బీచి నుంచి ఊళ్లోకి నడుస్తూ జాక్సన్ స్ట్రీట్‌లోకి తిరిగామో లేదో, నాన్న ఆగిపోయాడు. మేం నలుగురం ముందుకెళ్లిపోయాం. వెనక్కి తిరిగి చూస్తే ఒక ఇంటి కంచె పట్టుకుని, మెడ ఎత్తి, చూరు కేసి చూస్తున్నాడు. అక్కడి ఇళ్లకి చూరు వెంబడి, వరండా స్తంభాల మధ్య, కిటికీల పైన లేసు అల్లినట్టు చెక్క నగిషీ ఉంటుంది. జింజర్‌బ్రెడ్ అంటారు దాన్ని. నేను గొప్పగా "చూశావా నాన్నా, ఎంత ఓపిగ్గా చెక్కారో" అన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. "చెక్కింది కాదురా ఇది. ఉలి పడితే గాటు తెలుస్తుంది. సన్న రంపం మిషను మీద కోసిన పని. అదిగో, అన్నీ ఒకే అచ్చు. చేత్తో చేస్తే ఏ రెండూ ఒక్కలా రావు."

నేనేదో పెద్దాయన మాటలే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఊరు చూపించే ట్రాలీ బస్సు ఎక్కితే గైడు సరిగ్గా అదే చెప్పింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆవిరి ఇంజన్లతో తిరిగే రంపాలొచ్చాక ఈ నగిషీ మిల్లుల్లో తయారయ్యేదట, కేటలాగు చూసి ఎంచుకుంటే రైల్లో వచ్చేదట. నేను తెలుగులో చెబుతుంటే నాన్న వినిపించుకోలేదు కూడా, తెలిసిన సంగతే కదా అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ ట్రాలీలోనే ఊరి కథ తెలిసింది. ఒకప్పుడు ఇక్కడ చెక్కతో కట్టిన పెద్ద పెద్ద హోటళ్లుండేవి. 1878 నవంబర్ 9న ఓషన్ హౌస్ అనే హోటల్లో పుట్టిన మంట గాలికి రేగి, 30 ఎకరాల పైన ఊరి నడిబొడ్డు బూడిదైంది. తర్వాత అంత పెద్దవి కట్టలేక చిన్న చిన్న ఇళ్లుగా కట్టుకున్నారు, అప్పటి ఫ్యాషన్‌లో, అంటే విక్టోరియా రాణి కాలం నాటి ఫ్యాషన్‌లో. (అమెరికా వాళ్లకి ఆ రాణి ఏమవుతుందని ఇళ్లకి ఆమె పేరు అని మా ఆవిడ అడిగింది. విశాఖలో ఆడవాళ్ల ఆసుపత్రికి ఆమె ఏమవుతుందని పెట్టారు మరి అన్నాను.) కాలిపోయినవాటిలో కాంగ్రెస్ హాల్ ఒక్కదాన్ని మాత్రం ఇటుకతో కట్టారు. 1816లో థామస్ హ్యూస్ అనే ఆయన మొదట కట్టినప్పుడు ఇంత పెద్దదానికి ఎవరొస్తారని జనం నవ్వారట. 1828లో ఆయన కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాక దానికా పేరొచ్చింది. 1891 వేసవిలో అధ్యక్షుడు హారిసన్ అక్కణ్ణుంచే పనులు చక్కబెట్టాడట. పసుపు రంగులో, పొడుగాటి స్తంభాలతో ఇప్పటికీ హోటలుగా నడుస్తోంది.

ఇదంతా చెబితే నాన్నకి ఎక్కింది ఒక్కటే. "మరి మిగతావాళ్లు? కాలిపోయిన చోట మళ్లీ చెక్కతోనే కట్టారా?" అవునన్నాను. "అయితే మనవాళ్లేరా" అన్నాడు. అమెరికా వచ్చాక ఆయన నవ్వు చూడటం అదే మొదలు.

ఇంకోటి కూడా బాగా నచ్చింది. ఊళ్లో ఒకేలాంటి ఇళ్లు రెండు పక్కపక్కనే ఉంటాయి, ఏంజెల్ ఆఫ్ ద సీ అంటారు. 1850లో ఫిలడెల్ఫియా వ్యాపారి ఒకాయన కట్టినప్పుడు అవి ఒకే ఇల్లు. తర్వాత ఆయనకి సముద్రం దగ్గరగా ఉంటే బాగుండనిపించింది. రైతుల్ని పిలిచి, ఇల్లు మధ్యకి కోయించి, దుంగల మీద గుర్రాలతో లాగించాడట. తీసుకెళ్లాక రెండు ముక్కలూ కలవలేదు. అలాగే వదిలేశారు, రెండిళ్లయిపోయాయి. "కొలత వేసుకోకుండా కోశాడు" అన్నాడు నాన్న, నిన్న జరిగిన తప్పుకి నొచ్చుకున్నట్టు. ఆ వ్యాపారి వెయిట్‌మన్, క్వినైన్ అమ్మి కోట్లు గడించినవాడు. మా ఆవిడది సికింద్రాబాద్. మలేరియా దోమ గుట్టు మావూళ్లో రాస్ దొర 1897లో కనిపెట్టాడు, దానికి మందు అమ్ముకున్నవాడి ఇల్లు ఇక్కడుందన్నమాట అని ఆ ఇంటి ముందు నిలబడి తెగ ఫోటోలు తీయించుకుంది.

ఎమ్లెన్ ఫిజిక్ అనే డాక్టరుగారి ఇంటికి టికెట్టు కొని లోపలికెళ్లాం. 1879లో కట్టింది, 18 గదులు. ఫ్రాంక్ ఫర్నెస్ గీసిన ఇల్లని చెబుతారు. దాని పొగగొట్టాలు తమాషాగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ లావెక్కుతాయి, తిరగేసి పెట్టినట్టు. డాక్టరుగారి తాత అమెరికా సర్జరీకి పితామహుడని పేరున్నాయన. ఈయన డాక్టరు చదివాడు కానీ ఒక్కరోజు కూడా ప్రాక్టీసు పెట్టలేదు, తల్లితో, పిన్నితో ఆ ఇంట్లో ఉంటూ కాలక్షేపం చేశాడు. అది విని అమ్మ "పెళ్లి?" అంది. చేసుకోలేదన్నాను. "తల్లెలా ఊరుకుంది?" గైడుని అడగమంది, నేను అడగలేదు. నాన్న మాత్రం లోపల మంచాలు, పింగాణీ సామాన్లు వేటినీ చూడలేదు. బయటికొచ్చి వరండా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మామూలుగా గోడ లోపల కప్పెట్టేసే నిలువు కర్రలు, అడ్డ కర్రలు, వాలు కర్రలు ఆ ఇంటికి బయటికి కనిపించేట్టు ఉంటాయి. "ఇల్లు ఎలా నిలబడిందో దాచుకోలేదు చూడు" అన్నాడు.

సాయంత్రం సన్‌సెట్ బీచ్. తూర్పు తీరంలో ఉంటూ సూర్యుడు నీళ్లలోకి దిగడం చూడగలిగే చోటు అది, అఖాతం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి. ఒడ్డుకి దగ్గర్లో విరిగిన ఓడ ఒకటి నీళ్లలోంచి పైకి కనిపించేది. అట్లాంటస్ అని, కాంక్రీటు ఓడ. మొదటి ప్రపంచయుద్ధంలో ఉక్కు కరువై సిమెంటుతో ఓడలు పోశారు, వాటిలో ఇదొకటి. యుద్ధం తర్వాత ఫెర్రీ రేవుకి దన్నుగా వాడదామని ఇక్కడికి లాక్కొస్తే 1926 జూన్‌లో తుఫానుకి కట్లు తెంచుకుని ఇసకలో కూరుకుపోయింది, ఇక కదల్లేదు. సిమెంటుతో పడవ అనగానే నాన్న ముఖం చూడాలి. అమ్మా పాపా అవేవీ పట్టించుకోకుండా గులకరాళ్లు ఏరుకున్నారు. కేప్ మే డైమండ్స్ అంటారు వాటిని, నిజానికి నది మోసుకొచ్చిన పలుగురాళ్లే, నీళ్లలో దొర్లి దొర్లి గాజులా అవుతాయి. అమ్మ గుప్పెడు తీసుకెళ్లింది, ఇప్పటికీ మా తులసికోట చుట్టూ ఉన్నాయి. పొద్దుగూకే వేళ అక్కడ జెండా దించుతారు, చనిపోయిన సైనికుల శవపేటికల మీద కప్పిన జెండాల్ని వాళ్ల ఇళ్లవాళ్లు తెచ్చి రోజుకొకటి ఎగరేస్తారు. జనమంతా లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే నాన్న తలపాగా తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక మోటెల్ బాల్కనీలో ఇద్దరం కూర్చున్నాం. నాన్న అడిగాడు, "మరి ఇన్నేళ్లు ఎవరూ పడగొట్టలేదేం?" మధ్యాహ్నం ట్రాలీలో విన్నదే చెప్పాను. అట్లాంటిక్ సిటీకి 1854లోనే రైలొచ్చింది, మెల్లగా డబ్బున్న జనమంతా అటు మళ్లారు. కేప్ మే వెనకబడింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేక అలాగే ఉండిపోయాయి. 1962 మార్చిలో పెద్ద తుఫానొచ్చి సముద్రం ఊరిమీద పడ్డాక గానీ, ఉన్నవాటిని బాగుచేసుకుని చూపిస్తే జనం వస్తారని కొందరికి తట్టలేదు. ఆ డాక్టరుగారి ఇల్లు కూడా కూల్చబోతుంటే 1970లో ఊరివాళ్లు సంఘం పెట్టుకుని ఆపారు. 1976లో ఊరు మొత్తాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు, 600 దాకా పాత కట్టడాలున్నాయని.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బుల్లేక నిలిచిందన్నమాట" అన్నాడు. ఇంకాసేపాగి, "మనూరికి డబ్బులొచ్చాయి" అన్నాడు.

గల్ఫ్ డబ్బు, ఆ తర్వాత మా సాఫ్ట్‌వేర్ డబ్బు. మా చుట్టుపక్కల మండువా లోగిళ్లు ఒక్కొక్కటే పోయాయి. వాటిని విప్పే పని ఎవరికిస్తారు, కట్టినవాళ్ల కొడుక్కే. "పదకొండు ఇళ్లు విప్పాన్రా నేను. అందులో నాలుగు మా నాన్న కట్టినవి" అన్నాడు. ఒక్కో స్తంభం దించి, వరిగడ్డిలో చుట్టి లారీ ఎక్కిస్తే, హైదరాబాద్‌లో రిసార్టులవాళ్లో హోటళ్లవాళ్లో కొనుక్కునేవారు. తను లెక్కలో చెప్పనిది పన్నెండోది. మాది. 2006లో నేనే పట్టుబట్టాను. చూరు తలకి తగుల్తోంది, వానాకాలం కారుతోంది, రేపు పాపతో వస్తే బాత్రూమ్ కోసం పెరట్లోకి పోవాలా, శుభ్రంగా స్లాబు వేసుకుందాం అని. డబ్బు పంపాను. పెంకులు మార్చి వాసాలు కొత్తవి వేస్తే ఇంకో నలభై ఏళ్లు ఉంటుందని నాన్న ఒకసారి ఫోన్లో అన్నాడు, నేను ఏదో మీటింగులో ఉండి సరిగా వినలేదు. తర్వాత అమ్మ చెప్పింది, ఒక్క కూలీని కూడా పెట్టుకోకుండా మూడు వారాలపాటు తానొక్కడే విప్పాడని.

బాల్కనీలో నేనేం మాట్లాడలేదు. ఏం మాట్లాడతాం. సముద్రం హోరు తప్ప ఏం లేదు. "పడుకో, పొద్దున్నే లేవాలి" అని తనే లేచాడు.

శుక్రవారం పొద్దున్న అమ్మ, మా ఆవిడ, పాప బీచికి పోతే మేమిద్దరం ఊరి మీద పడ్డాం. వీధి పేరు చెప్పను, ఆ ఇంట్లో ఇంకా ఎవరో ఉంటున్నారు. వరండా ముందు నిచ్చెన వేసుకుని డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన పని చేస్తున్నాడు. చూరుకీ స్తంభానికీ మధ్య మూలన పెట్టే వంపు చెక్కలుంటాయి కదా, బ్రాకెట్లు, అవి వరసగా ఏడున్నాయి. నాలుగోది పుచ్చిపోయింది. దాన్ని దించి, దాని కొలతకే కొత్త చెక్క మీద గీసుకుని కోస్తున్నాడు. నాన్న గేటు దగ్గర నిలబడ్డాడు. నేను పదమంటాను, కదలడు. పెద్దాయన చూసి చెయ్యి ఊపాడు. అంతే, నాన్న గేటు తీసుకుని లోపలికెళ్లిపోయాడు. నాకు ఒకటే టెన్షన్, ఎవరింట్లోకో ఇలా జొరబడితే ఏమంటారోనని.

నాన్న ముందు ఆ పాత బ్రాకెట్టుని చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. బొటనవేలితో వంపు వెంబడి రాశాడు. జేబులోంచి చిన్న చాకు తీసి విరిగిన అంచు దగ్గర ఏటవాలుగా ఒక్క గీత గీస్తే రంగులు పొరలు పొరలుగా బయటపడ్డాయి. పైన తెలుపు, దాని కింద ఇంకో తెలుపు, తర్వాత ముదురాకుపచ్చ, మళ్లీ తెలుపు, ఆవపిండి రంగు, అన్నిటికన్నా అడుగున ఇటుక లాంటి గోధుమ రంగు. పెద్దాయన కళ్లు మెరిశాయి. లోపలికి పరిగెత్తి రంగుల అట్ట తెచ్చాడు. ఆయన కూడా అలాగే గీసి చూసుకుని, ఇల్లు మొదట ఏ రంగులో ఉండేదో పట్టుకున్నాడట. ఇద్దరూ తల ఊపుకుంటున్నారు. ఏ చెక్క అని అడగమన్నాడు నాన్న. పైన్. "ఇంత మెత్తటి చెక్క ఉప్పుగాలికి నూరేళ్ల పైన ఎలా ఆగింది?" పెద్దాయన నవ్వి, "పెయింట్. పెయింట్. మళ్లీ పెయింట్" అన్నాడు. సముద్రం వైపు మూడేళ్లకోసారి, వీధి వైపు అయిదేళ్లకోసారి.

అప్పుడు నాన్న కొత్త చెక్క కేసి చూశాడు. వేలితో దాని మీది చారలు చూపించాడు, తర్వాత పాతదాని చారలు చూపించాడు. నాకర్థం కాలేదు. పెద్దాయనకి రెండు క్షణాలు పట్టింది. పాతదాంట్లో చెక్క పీచు వంపు పొడుగునా పోతుంది. ఆయన కోయబోతున్నదాంట్లో సన్నగా ఉండే మెడ దగ్గర పీచు అడ్డంగా పడుతోంది. అలా కోస్తే ఏదో ఒకరోజు సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. ఆయన "ఓ" అని పొడుగ్గా ఒక శబ్దం చేసి ఆ చెక్క పక్కన పడేశాడు. ఇంకోటి తెచ్చాడు. నాన్న చెవి మీద పెన్సిలు తీసి, పాతదాన్ని ఏటవాలుగా పెట్టి చుట్టూ గీశాడు. మిషను మీద ఆయన కోశాడు, ఆకురాయితో అంచులు నాన్న నునుపు చేశాడు. రెండు గంటలు. నేను మొదట్లో అటూ ఇటూ మాటలు అందించాను, తర్వాత ఇద్దరికీ నా అవసరం పడలేదు, మెట్టు మీద కూర్చుని వాళ్లిచ్చిన నిమ్మరసం తాగాను. నిచ్చెనెక్కి బిగించేటప్పుడు కింద నుంచి "ఎత్తు, ఇంకొంచెం ఎత్తు, ఆఁ" అని నాన్న తెలుగులోనే చెప్పాడు, ఆయన సరిగ్గానే ఎత్తాడు.

వస్తుంటే పెద్దాయన ఆ పుచ్చిన బ్రాకెట్టుని నాన్న చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో లైట్‌హౌస్ ఎక్కాం. 1859లో కట్టింది, 157 అడుగులు, 199 మెట్లు, లోపల గుండ్రంగా తిరిగే ఇనప మెట్లు. 66 ఏళ్ల మనిషి, మధ్యలో రెండుసార్లు ఆగాడు. పైనుంచి చూస్తే ఒకవైపు అఖాతం, ఇంకోవైపు సముద్రం, రెండు నీళ్లూ కలిసే చోటు తేడాగా కనిపిస్తుంది. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టులా ఉందిరా అన్నాడు. దీనికి ముందు కట్టిన రెండు లైట్‌హౌసులున్న చోటు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఉప్పాడ దగ్గర సముద్రం ఎలా ఊళ్లు తింటోందో గుర్తు చేసుకుంటూ దిగాం.

ఆ బ్రాకెట్టు అమ్మ చీరలో చుట్టుకుని ఇండియా వెళ్లింది. శంషాబాద్‌లో సూటుకేసు తెరిపించి ఏంటిదన్నారట. "చెక్కండి." దేనికి? "మోడలండి." వాళ్లకి ఏం తోచిందో గానీ వదిలేశారు. తర్వాతేడు నేను వెళ్లేసరికి మా స్లాబు ఇంటి సన్‌షేడ్ కింద వీధివైపు ఏడు బ్రాకెట్లున్నాయి, అన్నీ టేకుతో, అన్నీ ఉలితో చెక్కినవి. అవేమీ మోయవు. స్లాబుకి వాటితో పనే లేదు. ఏ రెండూ ఒక్కలా లేవు.

2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయిన రాత్రి నాన్న నిద్రపోలేదని అమ్మ చెప్పింది. పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "ఆ ఊరివాళ్లు కాలినచోట మళ్లీ చెక్కతోనే కట్టారని చెప్పావు కదూ" అన్నాడు. అవునన్నాను. మర్నాడు మళ్లీ అడిగాడు. 2021 ఫిబ్రవరిలో టేకుతో చేసిన కొత్త రథం బయటికొచ్చాక, వెళ్లి చూసొచ్చి, చక్రాల గురించి అరగంట మాట్లాడాడు.

కేప్ మేకి మేం తర్వాత చాలాసార్లు వెళ్లాం. హ్యారియెట్ టబ్మన్ మ్యూజియం 2021లో తెరిచాక చూశాం, బానిసల్ని విడిపించడానికి డబ్బు కోసం ఆవిడ 1850ల్లో వేసవిలో ఆ ఊళ్లో వంట పని చేసిందట. 2009లో ట్రాలీ ఎక్కినప్పుడు అధ్యక్షుల పేర్లు విన్నాం గానీ వంట మనిషి పేరు వినలేదు. కాంక్రీటు ఓడ ఇప్పుడు దాదాపు మునిగిపోయింది, చూపిద్దామన్నా ఏం లేదు. అక్టోబరులో వెళ్తే ఊరంతా మెడలో బైనాక్యులర్లు వేసుకున్నవాళ్లే, దక్షిణానికి పోయే డేగల్ని చూడ్డానికి వస్తారు. పాప ఇప్పుడు కాలేజీ. తనకి కేప్ మే అంటే ఫడ్జ్ దుకాణం, నాకు ఆ వీధి.

పోయిన అక్టోబరులో వెళ్లినప్పుడు ఆ ఇంటి ఎదురుగా నిలబడి వీడియో కాల్ చేశాను. వరండాలో ఊగుడు కుర్చీలు మారాయి, తలుపు రంగు మారింది, పెద్దాయన ఉన్నాడో లేడో. నాన్నకి 82 ఏళ్లు, ఒక కంట్లో శుక్లం ఆపరేషను అయింది. ఫోన్‌ని ముఖానికి ఆనించుకుని చూస్తున్నాడు. "ఎడమ నుంచి నాలుగోది చూపించు. దగ్గరికెళ్లు. ఇంకా దగ్గరికి." కంచె దాకా వెళ్లి ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. బ్రాకెట్టు నిక్షేపంగా ఉంది, మెడ దగ్గర కూడా. కానీ పైఅంచు మీద రంగు పొక్కి లేచింది, అరచేతంత మేర.

"నీళ్లు దిగుతున్నాయిరా. వచ్చే వానాకాలానికి పుచ్చు పట్టుద్ది. తలుపు కొట్టి చెప్పు."

"ఏమని చెప్పను నాన్నా, ఎవరున్నారో ఏమో."

"ఎవరుంటే ఏం. రంగెయ్యమను."

ఆ రోజు చెప్పలేదు. రెండు మెట్లెక్కి దిగిపోయాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే ప్రశ్న. మొన్న కూడా ఇంకా వేయలేదనుకుంటా నాన్నా అని నసిగేలోపు అమ్మ ఫోన్ లాక్కుంది, వెనక నుంచి ఆయన గొంతు ఇంకా వినబడుతూనే ఉంది, "ముందు ప్రైమరు కొట్టమని చెప్పవే వాడితో."